పాట మిక్సింగ్: సెషన్ తెరిచినప్పటి నుంచి ఫైలు అప్పజెప్పే దాకా

"రికార్డింగ్ బాగానే వచ్చిందన్నా, మిక్స్ చేస్తే మాత్రం గొంతు వాద్యాల కింద పడిపోతోంది." తిరుపతిలో ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకున్న తమ్ముళ్లు పదే పదే అడిగే మాట ఇది. మిక్సింగ్ అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతును, వాద్యాలను ఒక పాటగా కలిపి సర్దడం. వెంటనే ఏ ప్లగిన్ (ధ్వనిని మార్చే అదనపు సాఫ్ట్‌వేర్) కొనాలో చెప్పమంటారు. ప్లగిన్ వల్ల పాట చెడటం అరుదు. వినేవాడికి ఏది ముందు వినపడాలో తేల్చుకోకుండా పని మొదలుపెట్టడం వల్లే ఎక్కువ పాటలు చెడతాయి.

ఇక్కడ చెప్పే వరస రీపర్, క్యూబేస్, లాజిక్, ఎఫ్ఎల్ స్టూడియో లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో దేనికైనా పనికొస్తుంది. ఉదాహరణగా ఒక అన్నమయ్య కీర్తన సెషన్ (ఆ పాట ట్రాక్‌లన్నీ ఉన్న ప్రాజెక్టు) తీసుకుందాం: ఆడగొంతు, వయొలిన్, వేణువు, మృదంగం, తంబూరా, వెనక కీబోర్డు ప్యాడ్ (సాగుతూ ఉండే స్వరాలు). మన ఊళ్లో ఎక్కువగా చేతికొచ్చేది ఇలాంటిదే.

## 1. పాటలో పెద్దపీట దేనికో రాసుకోండి

కంప్యూటర్ ఆన్ చేయకముందే ఒక కాగితం మీద మూడు వరసలు రాయండి: మొదట వినపడాల్సింది, దాని పక్కన నిలబడాల్సింది, వెనక ఉండాల్సింది.

కీర్తనలో మొదటి స్థానం సాహిత్యానిది. ఒక్క అక్షరం కూడా మరుగున పడకూడదు. పక్కన వయొలిన్, మృదంగం. తంబూరా, ప్యాడ్ వెనక. అదే గంగమ్మ జాతర పాటైతే లెక్క మారుతుంది. అక్కడ పలకల (డప్పుల) దెబ్బే పాటను నడిపిస్తుంది, గొంతు దాని మీద స్వారీ చేస్తుంది. రెండింటికీ ఒకే టెంప్లేట్ వాడితే కీర్తనలో మృదంగం జాతర పలకలా మోగుతుంది, జాతర పాట చప్పబడుతుంది.

ఈ కాగితం చివరిదాకా స్క్రీన్ పక్కనే ఉండాలి. ఏదైనా మార్చాలనిపించినప్పుడు అది ఈ వరసకు సాయపడుతుందా లేదా అని చూసుకోండి. సాయపడకపోతే ఆ మార్పు ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి.

పాడినవాళ్లతో, పాట కట్టినవాళ్లతో కాసేపు మాట్లాడండి. చరణంలో ఏ మాట దగ్గర వాళ్ల మనసు ఉందో అడగండి. ఆ సమాధానం తర్వాత ఆటోమేషన్‌లో (పాట నడుస్తుండగా లెవెల్స్ మారేలా చేయడంలో) బాగా ఉపయోగపడుతుంది.

## 2. గదిని తెలుసుకోండి

మన దగ్గర ఎక్కువ హోమ్ స్టూడియోలు పదడుగుల గదుల్లో ఉంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ దాదాపు పదడుగులే అయితే మూడు దిక్కులా ఒకే బేస్ స్వరం పేరుకుంటుంది. లెక్క సులువు: ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, గది 3.05 మీటర్లు. రెట్టింపు దూరంతో భాగిస్తే దాదాపు 56 హెర్ట్జ్ వస్తుంది. బేస్ గిటార్‌లో 'ఎ' తీగ 55 హెర్ట్జ్. అంటే సరిగ్గా ఆ స్వరమే గోడ పక్కన ఢమఢమ మోగుతుంది, గది నడిమధ్యలో కూర్చుంటే మాయమవుతుంది. గది చేసే ఈ మోసాన్ని పాట తప్పనుకుని ఈక్యూతో (ఎంచుకున్న ఫ్రీక్వెన్సీలను పెంచే, తగ్గించే సాధనంతో) సరిచేస్తే, బయట విన్నప్పుడు బేస్ తలకిందులవుతుంది.

చేయాల్సినవి:

- గది నడిమధ్యలో కూర్చోవద్దు. ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరంలో కుర్చీ వేసి, అక్కడి నుంచి కాస్త అటూ ఇటూ జరిపి చూడండి.
- రెండు స్పీకర్లు, మీ తల కలిపి సమబాహు త్రిభుజం కావాలి. ట్వీటర్ (స్పీకర్‌లో పై స్వరాలు పలికే చిన్న భాగం) చెవి ఎత్తులో ఉండాలి.
- పక్క గోడ మీద ఒకరు అద్దం జరుపుతూ ఉంటే, మీరు కూర్చున్న చోటికి స్పీకర్ ఎక్కడ కనిపిస్తుందో అక్కడ రాక్‌వూల్ (ధ్వనిని పీల్చే రాతి నార) ప్యానెల్ పెట్టండి.
- మూలల్లో మందమైన బేస్ ట్రాప్‌లు (కింది స్వరాలను పీల్చేవి). కోడిగుడ్ల అట్టలు, పల్చటి ఫోమ్ కింది స్వరాలను ఏమీ చేయలేవు. ఆ డబ్బు రాక్‌వూల్ మీద పెట్టండి.

వాల్యూమ్ సంగతి ఇంకా ముఖ్యం. శబ్దం పెరిగేకొద్దీ చెవికి బేస్, ట్రెబుల్ ఎక్కువగా అందుతాయి. అందుకే గట్టిగా పెట్టి విన్న ప్రతి మిక్సూ బాగుందనిపిస్తుంది. చిన్న గదిలో 75 డీబీ (డెసిబెల్స్, శబ్దం కొలత) దగ్గర ఒక స్థాయి ఖాయం చేసుకుని, మానిటర్ నాబ్ మీద మార్కర్‌తో గీత గీయండి. ఎక్కువసేపు పని ఆ గీత దగ్గరే జరగాలి. 85 డీబీ దగ్గర రోజుకు 8 గంటలే చెవికి క్షేమం అంటారు. అక్కడి నుంచి ప్రతి 3 డీబీకీ ఆ సమయం సగమవుతుంది. చెవి పోతే ఈ వృత్తి లేదు.

మే నెలలో ఫ్యాన్ లేకుండా మన ఊళ్లో కూర్చోలేం. కాబట్టి రివర్బ్ (ప్రతిధ్వని) తోకలు, ఊపిరి శబ్దాలు లాంటి సన్నటి నిర్ణయాలు తెల్లవారుజామున, ఫ్యాన్ ఆపి తీసుకోండి. మిగతా పని పగలు చేసుకోవచ్చు.

## 3. సెషన్ సర్దండి

మిక్సింగ్ మొదలుపెట్టే రోజున ఇది చేయొద్దు. ముందు రోజే ముగించండి. ఎడిటింగ్ బుర్ర వేరు, వినే బుర్ర వేరు.

- సెషన్ కాపీ ఒకటి వేరే డ్రైవ్‌లో పెట్టండి.
- శాంపిల్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క) చూసుకోండి. వీడియోకి వెళ్లే పాటైతే 48 కిలోహెర్ట్జ్, ఆడియో మాత్రమే అయితే 44.1 అయినా చాలు. 24 బిట్ తప్పనిసరి.
- 'ఆడియో_07' లాంటి పేర్లు తీసేసి 'గొంతు_పల్లవి', 'మృదంగం_కుడి' అని పెట్టండి. వరస, రంగులు ప్రతి పాటలోనూ ఒకేలా ఉంచండి.
- పాడని చోట గొంతు ట్రాక్‌లో ఫ్యాన్ హోరు, వీధిలో ఆటో హారన్ కత్తిరించండి. ప్రతి కోతకూ చిన్న ఫేడ్ ఇవ్వండి.
- సన్నటి గుయ్ వినిపిస్తే 50 హెర్ట్జ్, దాని పైన 100, 150 దగ్గర వెతకండి. అది కరెంటు హమ్. సన్నని నాచ్‌తో (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసే ఈక్యూతో) తీయండి. వెడల్పుగా కోస్తే మృదంగం గుమకి (ఎడమవైపు పలికే కింది నాదం) పోతుంది.
- ఒక్కో ట్రాక్ సగటు మైనస్ 18 డీబీ దగ్గర, శిఖరాలు మైనస్ 10 నుంచి మైనస్ 6 మధ్య ఉండేలా క్లిప్ గెయిన్ (రికార్డు ముక్క లెవెల్) సర్దండి; సాఫ్ట్‌వేర్ మీటర్‌లో 0 అన్నింటికంటే పైది. 24 బిట్‌లో తక్కువ లెవెల్ వల్ల నాణ్యత పోతుందన్న భయం అక్కర్లేదు.

## 4. మృదంగం రెండు మైకుల పోలారిటీ చూడండి

కుడివైపు ఒక మైకు, ఎడమవైపు తొప్పికి ఒక మైకు పెట్టి రికార్డు చేస్తే ఈ పని తప్పించుకోలేరు. రెండు ట్రాక్‌లూ ఒకే లెవెల్‌లో, మోనోలో (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వనిగా) మోగించండి. ఒకదాని పోలారిటీ బటన్ (తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి, తీసి వినండి. ఏ స్థితిలో గుమకి నిండుగా ఉంటే దాన్నే ఉంచండి. ఐదు సెకన్ల పని. ఇది చేయకుండా తొప్పి బలహీనంగా ఉందని 80 హెర్ట్జ్ దగ్గర 6 డీబీ పెంచేవాళ్లు ఉన్నారు. రెండు మైకుల తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోయిన ధ్వనిని ఈక్యూ తిరిగి తేలేదు.

## 5. ఫేడర్లతోనే మొదటి మిక్స్

ఇంకా ఏ ప్లగినూ వేయకండి. మాస్టర్ (అన్ని ట్రాక్‌లూ కలిసే చివరి ఛానెల్) మోనోలో పెట్టండి. ఫేడర్లన్నీ (లెవెల్ మార్చే మీటలన్నీ) కిందికి దించి గొంతు ఒక్కటే లేపండి. తర్వాత మృదంగం, గొంతును అడ్డుకోనంత వరకు. తర్వాత వయొలిన్, వేణువు. చివర తంబూరా, ప్యాడ్.

తంబూరాను వినపడేదాకా లేపి, అక్కడి నుంచి 2, 3 డీబీ దించండి. మ్యూట్ చేస్తే లోటు తెలియాలి, ఉన్నప్పుడు దాని మీదికి ధ్యాస పోకూడదు.

పాట మొత్తం ఒక్క బిగిన వినండి. ఇప్పుడే పాట ఓ డెబ్బై శాతం నిలబడాలి. నిలబడకపోతే టేక్‌లోనో, వాద్యాల అమరికలోనో లోపం ఉన్నట్టు. వేణువు, గొంతు ఒకే చోట ఒకే స్థాయిలో నడుస్తుంటే వేణువును ఆ వరసలో తీసేయమని పాట కట్టినవాళ్లను అడగండి. మ్యూట్ బటన్‌ను మించిన ఈక్యూ లేదు.

తర్వాత స్టీరియోకి మారి ప్యాన్ చేయండి (ఏది ఎడమ, ఏది కుడి అని సర్దండి). గొంతు, మృదంగం మధ్యలో. వయొలిన్ ఒకవైపు సగం, వేణువు మరోవైపు సగం. తంబూరా, ప్యాడ్ వెడల్పుగా.

## 6. ఈక్యూ: ఎవరి చోటు వాళ్లకి

సోలో బటన్ (ఒక్క ట్రాక్‌నే వినిపించేది) మీదికి చెయ్యి పోకుండా ఆపుకోవడం ఇక్కడ పెద్ద క్రమశిక్షణ. సోలోలో అందంగా ఉన్న వయొలిన్ పాటలో గొంతుకు అడ్డం రావచ్చు. లోపం ఎక్కడుందో వెతకడానికి మాత్రమే సోలో. నిర్ణయం ఎప్పుడూ అన్నీ మోగుతుండగానే.

పాడినవాళ్లు సాంకేతిక పదాల్లో చెప్పరు. వాళ్లు చెప్పేదాన్ని ఇలా పట్టుకోవచ్చు:

- "గొంతు గుయ్యిమంటోంది, కుండలోంచి వస్తున్నట్టుంది": 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య 2, 3 డీబీ తగ్గించండి.
- "ముక్కుతో పాడినట్టుంది": 800 నుంచి 1200 మధ్య వెతకండి.
- "చెవిలో గుచ్చుకుంటోంది": 2.5 నుంచి 4 కిలోహెర్ట్జ్. చాలాసార్లు గొంతు కాదు, వయొలిన్ కారణం.
- "దూరంగా ఉంది": ఈక్యూ సంగతి తర్వాత, ముందు రివర్బ్ తగ్గించి చూడండి.
- "దమ్ము లేదు": కంప్రెసర్ (గట్టి చోట్లను తగ్గించి లెవెల్ సమం చేసేది) ఎక్కువైందేమో చూడండి.

ఆడగొంతుకు కింది కోత 90, 100 హెర్ట్జ్ దాకా పర్వాలేదు. మగగొంతుకు 70 దగ్గర ఆపండి. ప్యాడ్‌కు 200 కింద కోసేసి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 2 డీబీ తగ్గిస్తే సాహిత్యానికి దారి దొరుకుతుంది. తంబూరా హార్మోనిక్స్ చాలా వెడల్పుగా పరుచుకుంటాయి. గొంతు పాడేటప్పుడు దాని మధ్య భాగం 1, 2 డీబీ తగ్గేలా డైనమిక్ ఈక్యూ పెట్టొచ్చు.

మృదంగాన్ని విద్వాంసుడు శ్రుతి చేసుకునే వాయించాడు. ఏ ఫ్రీక్వెన్సీనైనా గట్టిగా పెంచే ముందు అది పాట శ్రుతికి సరిపడేదేనా చూసుకోండి. లేకపోతే వాద్యం అపశ్రుతిలో ఉన్నట్టు వినపడుతుంది.

## 7. గొంతు: నింపాదిగా చేయాల్సిన పని

మిక్స్ సమయంలో సగం ఇక్కడే గడిచినా తప్పులేదు. వరస ఇది.

ముందు చేత్తో సమం చేయండి. కంప్రెసర్ వేయకముందే క్లిప్ గెయిన్‌తో మాట మాట సర్దండి. వరస చివర దిగిపోయిన అక్షరాన్ని లేపండి, పై స్థాయిలో ఎగిసిన మాటను 2 డీబీ దించండి. 'ప', 'భ' దగ్గర గాలి దెబ్బ తగిలితే ఆ అక్షరం మొదట్లో మాత్రమే తగ్గించండి.

తర్వాత కంప్రెసర్. నిష్పత్తి 2:1 నుంచి 3:1, అటాక్ (పట్టుకునే సమయం) 10 నుంచి 20 మిల్లీసెకండ్లు, రిలీజ్ (వదిలే సమయం) 100 నుంచి 150, తగ్గింపు 3, 4 డీబీ. రిలీజ్ మరీ వేగంగా పెడితే గమకం ఊగినప్పుడల్లా కంప్రెసర్ కూడా ఊగి, గొంతు వణుకుతున్నట్టు వినపడుతుంది. ఇంకా బిగువు కావాలంటే ఒకే కంప్రెసర్‌ను పిండకండి. రెండోది వేసి దాంతో 2 డీబీ తీయండి.

పిచ్ కరెక్షన్ (జారిన శ్రుతిని సరిచేయడం). దీని గురించి గట్టిగానే చెప్పాలి. సినిమా పాటకు పెట్టే ఆటో-ట్యూన్ సెట్టింగ్‌ను కీర్తనకు పెట్టకండి. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. వేగంగా బిగించిన ఆటో-ట్యూన్ ఆ ఊపును మెట్లుగా నరికేస్తుంది. రాగం చచ్చిపోతుంది. ఏళ్ల తరబడి గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్న దాన్ని ఒక్క నాబ్‌తో చెరిపేయడం అవుతుంది. మెలోడైన్ లాంటి శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో చేత్తో చేయండి. వరస చివర షడ్జమం, పంచమం మీద నిలిచిన స్వరం జారితే దాని మధ్యబిందువును మాత్రమే జరపండి, ఊపును ముట్టుకోకండి. మొదలుపెట్టే ముందు తంబూరా అసలు శ్రుతి ఎంతుందో కొలిచి, ప్లగిన్ రిఫరెన్స్ దానికి మార్చండి. తంబూరా 440 లెక్కకు ('ఎ' స్వరం 440 హెర్ట్జ్ అనే మామూలు లెక్కకు) కొన్ని సెంట్లు (అరస్వరంలో వందో వంతులు) అటో ఇటో ఉంటే, 'సరిచేసిన' గొంతే పక్కన అపశ్రుతిగా నిలుస్తుంది. జారుడు మరీ ఎక్కువగా ఉంటే ఆ వరస మళ్లీ పాడించండి.

డీ-ఎస్సర్ ('స' లాంటి అక్షరాల హోరు తగ్గించేది). తెలుగులో స, శ, ష మూడూ వేరువేరుగా వినపడాలి. 'స' హోరు సాధారణంగా 6 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, 'శ' అంతకంటే కింద, 3 నుంచి 6 దగ్గర. ఒకే డీ-ఎస్సర్ వెడల్పుగా పెట్టి గట్టిగా బిగిస్తే రెండూ ఒకటైపోయి, పాడినావిడకు నాలుక తిరగనట్టు వినపడుతుంది. 'శ్రీ' అన్న చోట లూప్ పెట్టండి. డీ-ఎస్సర్‌ను ఆన్, ఆఫ్ చేస్తూ వినండి. అక్షరం మారినట్టు అనిపించిన క్షణం నుంచి వెనక్కి రండి. గట్టిగా ఈలేసే రెండు మూడు 'స'లు మిగిలితే వాటిని చేత్తో దించండి. దీనికి పావుగంట పడుతుంది, పట్టనివ్వండి.

## 8. రివర్బ్

"గుడిలో పాడినట్టుండాలి" అని అడుగుతారు. అలాగని 4 సెకన్ల రివర్బ్ ముంచేస్తే రెండో మాట వచ్చేసరికి మొదటి మాట ఇంకా మోగుతూనే ఉంటుంది.

- రివర్బ్ ఎప్పుడూ సెండ్ మీదే (రివర్బ్ వేసిన వేరే ట్రాక్‌కు గొంతును కొంత పంపాలి). గొంతు ట్రాక్‌లో నేరుగా వేయొద్దు.
- నిడివి 1.6 నుంచి 2.2 సెకన్లతో మొదలుపెట్టండి.
- ప్రీ-డిలే (అక్షరానికీ రివర్బ్ మొదలుకూ మధ్య ఎడం) 40 నుంచి 60 మిల్లీసెకండ్లు. పాట వేగంతో కలపాలంటే 60,000ను బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో) భాగించండి. 80 బీపీఎం అయితే ఒక బీటు 750 మిల్లీసెకండ్లు, దానిలో పదహారో వంతు సుమారు 47. అక్షరం ముందు స్పష్టంగా వచ్చి, గుడి ప్రతిధ్వని తర్వాత వస్తుంది.
- రివర్బ్ రిటర్న్‌లో (రివర్బ్ ఉన్న ట్రాక్‌లో) 600 హెర్ట్జ్ కింద, 10 కిలోహెర్ట్జ్ పైన కోయండి. ఇది లండన్ ఆబీ రోడ్ స్టూడియో పద్ధతిగా పేరుపడింది. మన కీర్తనలకు అతికినట్టు సరిపోతుంది.
- మృదంగానికి గొంతు రివర్బ్ ఇవ్వకండి. సెకను లోపు చిన్న గది రివర్బ్ చాలు.

సరైన మోతాదు: వినపడేదాకా పెంచి, 2 డీబీ తగ్గించండి.

## 9. ఆటోమేషన్

మొదట్లో అడిగి తెలుసుకున్న మాట ఇప్పుడు కావాలి. ఆ మాట దగ్గర గొంతును 1 డీబీ లేపండి, ప్యాడ్‌ను 1 డీబీ దించండి. వయొలిన్ బిట్ వచ్చినప్పుడు దాన్ని లేపి, గొంతు తిరిగి అందుకునే అర బీటు ముందే దించేయండి. పల్లవి మూడోసారి వచ్చేటప్పటికి రివర్బ్ సెండ్ కాస్త పెంచితే పాట విచ్చుకున్నట్టుంటుంది. ఇక్కడ కంటితో గీతలు గీయడం కంటే చెయ్యి ఫేడర్ మీద ఉంచి పాటతో పాటు కదపడం మేలు.

## 10. జనం వినే చోట వినండి

ప్రతి నలభై ఐదు నిమిషాలకు లేచి బయటికి వెళ్లండి. మిక్స్ పూర్తయిందనుకున్నాక ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు:

- [ ] మోనోలో గొంతు, మృదంగం లెవెల్ మారలేదు
- [ ] బాగా తగ్గించిన వాల్యూమ్‌లోనూ సాహిత్యం అర్థమవుతోంది
- [ ] ఫోన్ స్పీకర్‌లో తొప్పి పూర్తిగా మాయం కాలేదు (మాయమైతే కొద్దిగా శాచురేషన్ (ధ్వనిని కాస్త గరుకు చేసేది) వేస్తే పై హార్మోనిక్స్ పుడతాయి)
- [ ] ఆటోలోనో కారులోనో విన్నాం
- [ ] ఇష్టమైన రిఫరెన్స్ పాటతో, రెండూ ఒకే లెవెల్‌కు తెచ్చి పోల్చాం
- [ ] హార్న్ పరీక్ష చేశాం

చివరిది మన ఊరికి తప్పనిసరి. భక్తి పాట చివరికి గుడి మైకుల్లో, పందిరి కట్టిన చోట హార్న్ స్పీకర్లలో మోగుతుంది. మాస్టర్ మీద తాత్కాలికంగా 300 హెర్ట్జ్ కింద, 5 కిలోహెర్ట్జ్ పైన కోసేసి మోనోలో వినండి. వయొలిన్ కీచుగా పొడుచుకొస్తే, లేదా గొంతు అందులో కలిసిపోతే, 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య ఇంకా తగువు ఉన్నట్టే. మళ్లీ ఆరో మెట్టుకు వెళ్లండి.

## 11. తరచూ జరిగే తప్పులు

మాస్టర్ మీద లిమిటర్ (శిఖరాలు గీత దాటకుండా ఆపేది) వేసి మిక్స్ మొదలుపెట్టడం. ఏది మార్చినా గట్టిగానే మోగుతుంది కాబట్టి తప్పు తెలియదు. తీసేయండి.

అన్నీ పెంచుకుంటూ పోవడం. గొంతు వినపడలేదని గొంతు, తర్వాత మృదంగం, తర్వాత వయొలిన్. మాస్టర్ ఎర్రబడుతుంది. అన్ని ఫేడర్లూ ఒకేసారి 6 డీబీ దించి, అడ్డొచ్చేదాన్ని తగ్గించండి.

ప్రీసెట్ పేరు చూసి వేయడం. 'ఫీమేల్ వోకల్' అన్న ప్రీసెట్ తయారుచేసినవాడు మీ గాయని గొంతు వినలేదు.

మార్పు తర్వాత వాల్యూమ్ సరిచూడకపోవడం. ఏ ప్లగిన్ అయినా 1 డీబీ పెంచితే బాగున్నట్టే ఉంటుంది. బైపాస్‌తో (ప్లగిన్ ఆపినప్పటి ధ్వనితో) పోల్చే ముందు అవుట్‌పుట్ సమం చేయండి.

## 12. అప్పజెప్పడం

మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరి సర్దుబాటు) ఇంకొకరు చేస్తుంటే 24 బిట్ వేవ్ ఫైలు, శిఖరం మైనస్ 6 డీబీ దగ్గర, లిమిటర్ లేకుండా ఇవ్వండి. మీరే చేస్తుంటే ట్రూ పీక్ (అసలు శిఖరం) మైనస్ 1 డీబీ దాటనివ్వకండి. స్పాటిఫై సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం సగటు గట్టితనం కొలత), ఆపిల్ మ్యూజిక్ మైనస్ 16 దగ్గరికి లెవెల్ సర్దుతాయి. యూట్యూబ్ కూడా గట్టిగా ఉన్నదాన్ని దించుతుంది. కాబట్టి కీర్తనను మైనస్ 8 దాకా నలిపి లాభం లేదు, ఊపిరి ఆడనివ్వండి. టీవీ ఛానెల్‌కైతే వాళ్ల లెక్క వేరు. ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

మార్పులు ఫోన్‌లో విడివిడిగా తీసుకోవద్దు. పాడినవాళ్లు, పాట కట్టినవాళ్లు, డబ్బు పెట్టినవాళ్లు ముగ్గురి మాటా నిమిషం, సెకనుతో సహా ఒకే జాబితాగా పంపమనండి. ఎన్ని విడతల మార్పులు చేస్తారో పని ఒప్పుకున్నప్పుడే చెప్పండి. రెండు విడతలు న్యాయమైన లెక్క.

పంపాల్సినవి:

- [ ] పూర్తి మిక్స్, వేవ్ 24 బిట్
- [ ] వినడానికి ఎంపీ3, 320 కేబీపీఎస్
- [ ] గొంతు లేని ట్రాక్ (కచేరీల్లో పాడుకోవడానికి తప్పకుండా అడుగుతారు)
- [ ] గొంతు, తాళవాద్యాలు, మిగతా వాద్యాలు, రివర్బ్‌లు విడిగా స్టెమ్స్ (ఒక్కో గుంపును కలిపిన ఫైళ్లు), అన్నీ ఒకే చోట మొదలయ్యేలా
- [ ] ఫైలు పేరులో పాట మొదటి మాట, శ్రుతి, బీపీఎం, తేదీ

స్టెమ్స్‌ను కొత్త సెషన్‌లోకి లాగి, అన్నీ కలిపి మోగిస్తే మీ మిక్స్‌లాగే వస్తోందో లేదో చూశాకే లింకు పంపండి. సెషన్ ఫోల్డర్‌ను రెండు వేర్వేరు డ్రైవ్‌లలో దాచండి. బ్రహ్మోత్సవాల ముందు వారం అదే పాటను ఇంకో శ్రుతిలో, ఇంకో గొంతుతో కావాలని ఫోన్ వస్తే ఆ ఫోల్డరే తెరవాల్సి ఉంటుంది.